నడికొండ దాకా దించని ఘటం

పాపాయి ఘటం నెత్తికెత్తుకుందంటే మళ్ళీ నడికొండ మీద అమ్మవారి గుడిలోనే దించాలి. ఎత్తినవాళ్ళే దించాలి, చేతులు మారకూడదు. దారిలో నేల తాకిందా, ఆ యేటికి పండగ చెడినట్టే. విజయనగరం వైపునుంచి కూలీలుగా వచ్చినప్పటి నుంచీ మలేషియాలోని ఈ బుకిట్ పాకిస్ తేయాకు తోటలో తెలుగువాళ్ళకి ఇదే ఆనవాయితీ. కొండ కింద వాగులో ఘటం నింపి, పసుపు కలిపి, వేపమండలు పెట్టి, సన్నపట్టాల రైలెక్కి నడికొండ హాల్టులో దిగుతారు. ఆమె అత్త అలాగే చేసింది, అరవై దాటిన పాపాయీ అలాగే చేస్తోంది.

ఈసారి రైలు తలుపుకి అడ్డంగా విమలన్ నిలబడ్డాడు. క్లాంగ్ పట్నం నుంచి మొన్నమొన్ననే దిగిన రైలు కొత్త మేనేజరు. చొక్కా ఇస్త్రీ ఇంకా నలగలేదు మహానుభావుడికి. తమిళుడు, అవ్వని పాట్టీ అంటాడు, ఇక్కడందరిలాగే మాట చివర 'లా' తగిలిస్తాడు.

"పాట్టీ, ఇది ఇప్పుడు టూరిస్టు రైలు లా. కొత్త సీట్లు. నీళ్ళు ఒలికితే ఎవరు తుడుస్తారు? కుండ ఇక్కడ పెట్టేయ్, రేపు సామాన్ల పెట్టెలో పంపిస్తాను."

సామాన్ల పెట్టెలోనట! అమ్మవారినట! పాపాయికి ఒళ్ళు మండిపోయింది.

"ఏటన్నావు? మళ్ళీ అను."

మళ్ళీ అన్నాడు. పైగా ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి నేల చూపించాడు.

వెనక నిలబడ్డ కోడలు గుణవతి కొంగు పట్టుకు లాగింది. "పోదాం అత్తా, గొడవెందుకు. వచ్చే వారం అడుగుదాం."

"ఘటం నెత్తినుండగా ఎనక్కి అడుగేస్తానా? సిగ్గుండాల నీకు!"

నడికొండకి వేరే దారంటూ లేదు, ఉన్నవి ఆ పట్టాలే. పాపాయి ఇంజను ముందుకి నడిచింది, రెండు పట్టాల మధ్యకి దిగింది, కొండ ఎక్కడం మొదలెట్టింది. గుణవతి సణుక్కుంటూనే వెనకాల బయల్దేరింది.

రైలు కదిలే వేళయింది. ఇంజనులో ఉన్నది పాపాయి అక్క మనవడు కవిన్. విమలన్ ఇంజనెక్కి "నడుపు, ముసలమ్మ అదే తప్పుకుంటుంది" అన్నాడు. హారన్ మోగింది. పాపాయి తప్పుకోలేదు. కొండ రైలు ఆమె వెనకాలే, ఆమె అడుగెంతో తనూ అంతే అన్నట్టు ఈడ్చుకుంటూ వచ్చింది. కిటికీల్లోంచి ఫోన్లన్నీ బయటికొచ్చాయి.

వంతెన దగ్గర మాత్రం పాపాయి ఆగింది. చెక్కకీ చెక్కకీ మధ్య సందులు, కింద ఎక్కడో వాగు. తల వంచి చూసుకుంటే ఘటం పోతుంది. భయమేసింది, అబద్ధమెందుకు. ఇంత వయసులో ఈ పంతమేమిటే అని తనని తనే తిట్టుకుంది. అయినా బొటనవేలితో చెక్క తడుముకుని ఒక్కో అడుగూ వేసింది.

వెనక ఇంజను చప్పుడు ఆగిపోయింది.

"ఎందుకాపావు? ఉద్యోగం వద్దా నీకు?" విమలన్ అరిచాడు.

కవిన్‌కి తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తిరగదు. అయినా మామ్మకి వినపడాలని తెలుగులోనే, కూడబలుక్కుని అన్నాడు. "మామ్మ దాటాలి. అప్పుడే బండి. ఉద్యోగం పోతే పోనీ లా."

ఓరి నా తండ్రీ! పాపాయికి కళ్ళు చెమర్చాయి. తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేదు. అలాగే దాటేసింది.

అవతలి ఒడ్డున విమలన్ ఆయాసపడుతూ పరిగెత్తుకొచ్చాడు. ఇప్పుడు నలిగింది చొక్కా. "సరే పాట్టీ, ఎక్కు. ముందు సీటే ఇస్తాను. వాళ్ళంతా వీడియోలు తీస్తున్నారు."

"కిందనే ఎక్కమంటే ఎక్కేదాన్ని. ఇప్పుడు ఎక్కను."

"పక్కకైనా జరుగు. రైలు పోవద్దూ?"

"ఈ పట్టాల కింద రాళ్ళు మా మావగారు మోసినాడు. నీ సీట్లు నిన్న కాక మొన్నొచ్చినాయి. నీ రైల్నే ఆగమను."

గుళ్ళో ఘటం దించేసరికి పాపాయి మెడ కొయ్యబారిపోయింది. చుక్క ఒలకలేదు. జనం కేకలు పెట్టారు, గుణవతి ఆమె కాళ్ళమీద పడి ఏడ్చింది.

విమలన్ గుమ్మం దగ్గరికొచ్చి గొంతు సవరించుకున్నాడు. "వచ్చే యేడు ముందుగా చెప్పండి పాట్టీ. పర్మిషన్ సంగతి చూద్దాం."

పాపాయి వాడిని ఎగాదిగా చూసింది.

"మా పట్టాల మీద వచ్చే యేడు నీ బండికి పర్మిషనిస్తాదో లేదో, అమ్మని అడిగి సెప్తాను. అందాకా బూట్లిప్పి లైన్లో నిలబడు."