రేనోకు పెట్టని స్టెంట్

అమెరికా ఉత్తరపు కొసన మా డులూత్‌లో రాత్రి మంచు పడితే తెల్లారగానే మొదట వినిపించేది పార చప్పుడు. ఆ చప్పుడు నా గరాజు ముందు వినిపించిందంటే పరుగున కిటికీ దగ్గరికి పోయేదాన్ని. మంచు తీస్తున్నది ఎదురింటి రేనో. ఆయన గుండె ముందు భాగానికి రక్తం తీసుకెళ్ళే పెద్ద నాళం ముప్పాతిక పైగా మూసుకుపోయి ఉంది. దాన్ని తెరిచి స్టెంట్ పెట్టారని ఆయన నమ్మకం. పెట్టలేదని నాకు తెలుసు.

నా పేరు మార్లిస్. మణికట్టులోంచి సన్నని తీగ పంపి గుండె నాళాలు చూసే గదిలో ఇరవై రెండేళ్ళుగా నర్సుని. ఆ ఏడు మా ఆసుపత్రిలో ఒక పరిశోధన మొదలైంది. స్టెంట్ పెట్టాక ఛాతీ నొప్పి తగ్గేది స్టెంట్ వల్లనా, పెట్టారన్న ధైర్యం వల్లనా అన్నది తేల్చాలి. అన్నీ తెలిసి, ఒప్పుకుని, సంతకం పెట్టిన వాళ్ళనే తీసుకున్నాం. మత్తు ఇచ్చి, చెవులకి పాటలు పెడతాం. అప్పుడు కంప్యూటరు ఒకరికి స్టెంట్ పెట్టమంటుంది, ఒకరికి వద్దంటుంది. వద్దన్న వాళ్ళని కూడా పదిహేను నిమిషాలు బల్ల మీదే ఉంచి పంపిస్తాం. వార్డులో నర్సులకీ తెలియదు, ఇంట్లో వాళ్ళకీ తెలియదు. ఆ గదిలో ఉన్న నలుగురం పన్నెండు వారాలు నోరు కుట్టేసుకోవాలి. ఆ తర్వాత నిజం చెప్పి, కావాలన్న వాళ్ళకి స్టెంట్ పెడతాం. మాత్రలు మాత్రం మొదటి నుంచీ అందరికీ ఉంటాయి.

దీన్ని మోసం అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇలా ఎవరో ఒకరు బల్ల మీద పడుకోబట్టే ఏ వైద్యం పనిచేస్తుందో ఏది చేయదో లోకానికి తెలిసింది. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను.

తప్పు నేను చేశాను. రేనో వంతు వచ్చినప్పుడు, ఈ పేషెంటు మీకు బంధువా, స్నేహితుడా అని ఒక కాగితం అడిగింది. కాదు అని రాసేశాను. పదకొండేళ్ళుగా ఎదురెదురు ఇళ్ళే గానీ మేం మాట్లాడుకున్నదల్లా చలి గురించే. మా ఊళ్ళో దాన్ని స్నేహం అనరు.

ఆ రోజు రేనో బల్ల మీద పడుకుని, మాస్కు పైన నా కళ్ళు చూసి పోల్చేశాడు. "నువ్వా మార్లిస్? ఏడుపు పాటలు పెట్టకు తల్లీ. హుషారుగా గంతులేయించే పోల్కా పాట ఉంటే పెట్టు" అన్నాడు. పెట్టాను. కంప్యూటరు వద్దంది. డాక్టర్ ఎంగ్‌స్ట్రమ్ చేతులు కట్టుకుని గడియారం వైపు చూస్తూ నిలబడ్డాడు. పదిహేను నిమిషాలూ మత్తులోనే రేనో కాలి బొటనవేలు పాటకి ఆడుతూనే ఉంది.

అంతకుముందు ఉత్తరాల డబ్బా దాకా వెళ్ళాలంటే రెండుసార్లు ఆగి గుండె పట్టుకునేవాడు. మూడో వారంలో మొదటి మంచు పడిన పొద్దున కిటికీ తెర తీసి చూస్తే, వాళ్ళ గరాజు ముందు దారంతా శుభ్రం చేసేసి నా దారిలో సగానికి వచ్చేశాడు. కోటు కూడా వేసుకోకుండా పరిగెత్తాను.

"ఆపండి రేనో. మంచు తియ్యద్దని కాగితం మీద రాసిచ్చారు కదా."

"అది ముసలాళ్ళకి రాసింది. నలభై ఏళ్ళు రేవులో ఇనుప ఖనిజం ఓడలకెత్తాను. ఇంతే ఉంటుందటగా ఆ స్టెంటు, పెట్టగానే ఎలా ఉన్నానో చూడు."

"పెట్టారో లేదో మీకు తెలీదు."

"నాకు తెలీదు, నీకు తెలుసు. చెప్పద్దులే, నీ ఉద్యోగం ఊడుతుంది. అవుననొద్దు, కాదనొద్దు. ఒక్కసారి నవ్వు, చాలు."

మొహం తిప్పుకుని లోపలికి పోవలసింది. పోలేకపోయాను. ఆ ఎర్రబడ్డ బుగ్గలు, ఆ సంబరం చూస్తే మనసొప్పలేదు. నవ్వాను. ఆ దిక్కుమాలిన నవ్వు ఎందుకు నవ్వానా అని ఈరోజుకీ నన్ను నేనే తిట్టుకుంటాను.

ఇక అడ్డెవరు. మంచు పడ్డప్పుడల్లా నా దారి ఆయనదే. నేను ఐదింటికి లేచి పార పట్టుకుంటే ఆయన నాలుగున్నరకే లేచాడు. మంచు ఎగజిమ్మే మిషను కొంటే, "భలే పని చేశావు" అని దాన్ని తీసుకుని వీధంతా తిరిగాడు. ఆయన భార్య లవాన్ ఏలకుల రొట్టె పట్టుకొచ్చింది. "మా ముసలాయన్ని మళ్ళీ మనిషిని చేశారు. పెరట్లో ఆవిరి పట్టుకునే సానా గదిలో కూర్చుని పాటలు కూడా మొదలెట్టాడు. ఆ గొంతు వినలేక చస్తున్నా" అని నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. ఆ రొట్టె ముట్టుకోకుండా వంటింట్లో పెట్టేశాను.

డాక్టరు దగ్గర మొరపెట్టుకున్నాను. "ఫోన్ చేయించి మళ్ళీ చెప్పిస్తాను. మాత్రలు వేసుకుంటున్నాడు, పరీక్షలు బాగానే ఉన్నాయి. అంతకు మించి నువ్వూ నేనూ ఏం చేయలేం మార్లిస్" అన్నాడు. ఆయన తప్పేం లేదు. నేనే, పార చప్పుడు ఆగితే పడిపోయాడేమోనని, ఆగకపోతే పడిపోతాడేమోనని కిటికీ దగ్గర నిలబడి చచ్చేదాన్ని.

పన్నెండు వారాలూ గడిచాయి. ఆయనకేం కాలేదు. నిజం చెప్పే రోజున రెండు అంతస్తుల మెట్లు ఎక్కి, లిఫ్టు పాడైందా అని అడిగిన వాళ్ళకి, "నాకెందుకు లిఫ్టు" అని చెప్పి వచ్చాడు. డాక్టరు గదిలో పావుగంట ఉన్నాడు. నేను వరండాలో నిలబడ్డాను. టోపీ చేత్తో పట్టుకుని బయటికి వచ్చి నన్ను చూశాడు. పది అడుగులు వేసి, గోడకి చెయ్యి ఆనించి, రెండో చెయ్యి ఛాతీ మీద పెట్టుకున్నాడు. పొద్దున మెట్లు ఎక్కిన గుండే అది. లోపల నాళంలో వెంట్రుకవాసి కూడా మారలేదు. వెంట వచ్చిన లవాన్ చక్రాల కుర్చీ కోసం పరిగెత్తింది.

స్టెంట్ కావాలన్నాడు. తర్వాతి వారమే పెట్టాం. ఆ రోజూ నేను ఆ గదిలోనే ఉన్నాను. నాళం బార్లా తెరుచుకుని రక్తం జోరుగా పారడం తెరమీద కళ్ళారా చూశాను. హమ్మయ్య, ఇక గండం గడిచింది అనుకున్నాను.

నెలన్నర గడిచింది. ఏప్రిల్‌లో మళ్ళీ అడుగు మంచు పడింది. ఎదురింటి ముందు ఎవరూ పార పట్టలేదు. లవాన్ ఫోన్ చేసింది. "పెరట్లో సానా దాకా కూడా పోవట్లేదు. నొప్పి అంటాడు, ఆయాసం అంటాడు. పరీక్షల్లో ఏమీ లేదంటారు. నువ్వు చెప్తే వింటాడేమో, ఒకసారి వచ్చి వెళ్ళు."

వాళ్ళ దారి శుభ్రం చేసి లోపలికి వెళ్ళాను. రేనో కిటికీ దగ్గర కుర్చీలో దుప్పటి కప్పుకుని ఉన్నాడు.

"నిజంగా పెట్టారు రేనో. నా కళ్ళతో చూశాను."

"డాక్టరు బొమ్మలు చూపించాడు. నాకేం తెలుస్తాయి ఆ బొమ్మలు."

"నా మీద ఒట్టు. ఈసారి పెట్టారు. మీ గుండె బాగుంది."

నా మొహంలోకి చూశాడు. కోపమేమీ లేదు. తిట్టినా బాగుండేది.

"ఏదీ, నవ్వు" అన్నాడు.

నవ్వాను. నాలో ఉన్న నిజమంతా మొహంలోకి తెచ్చుకుని నవ్వాను.

"అప్పుడూ ఇలాగే నవ్వావు" అని, ఛాతీ మీద చెయ్యి వేసుకుని కిటికీ వైపు తిరిగాడు.