ఎడమ చుట్టు

స్ప్రింగును ఎడమవైపుకు చుట్టడం పూర్తయ్యేసరికి గోడ గడియారంలో పొద్దున తొమ్మిది దాటింది. ఉక్కు పట్టీని బొటనవేలితో నొక్కిపట్టి, ఒక్కో చుట్టునూ గిన్నెలాంటి మూతలోకి దించింది ఆమె. పట్టు తప్పితే పాములా లేచి మొహం మీద కొడుతుంది. కుడి కనుబొమ్మ పైన ఉన్న తెల్లటి గీత అలా వచ్చిందే. చివరి కొక్కెం గాడిలో పడ్డాక గానీ ఊపిరి వదలలేదు.

చెట్లు కోసే గొలుసు రంపాలు బాగుచేసే షాపు అది. ముందు గదిలో కౌంటరు, అద్దాల వెనుక కొత్త మిషన్లు. వెనుక రేకుల షెడ్డులో రెండు బల్లలు. కిటికీ పక్కనున్న బల్ల మెకానిక్‌ది, కిటికీ లేని మూలలో ఉన్నది ఆమెది. పందొమ్మిదేళ్లుగా గొలుసుల పళ్లకు ఆకురాయితో పదును పెడుతోంది. అందుకే ఓనరు దగ్గర్నుంచి కోతగాళ్ల దాకా అందరికీ ఆమె ఆకురాయి అత్త. ఆమెకు వచ్చింది అదొక్కటే అని అందరూ నమ్ముతారు. మిషన్లు విప్పి చూడాల్సి వచ్చినప్పుడు మాత్రం గొంతు తగ్గించి, "అత్తా, ఓసారి ఇటు రా" అంటారు.

ఒళ్లో ఉన్న మూత ఒక ముసలి రంపానిది. రెండు నెలల క్రితం ఓనరు పాత ఇనుప సామాను కొట్టు నుంచి తెచ్చి బల్ల కింద పడేశాడు. కంపెనీ పేరు ఉండాల్సిన చోట రెండు మేకు రంధ్రాలు మిగిలాయి. ఒకదాని మీద ఒకటి మూడు రంగులు పూసి ఉన్నాయి, పెళ్లికూతురికి ముగ్గురు తోటికోడళ్లు పౌడరు రాసినట్టు. మెకానిక్ ఫోనులో బొమ్మలు వెతికి, అది ఏ కంపెనీదో గంటలో తేల్చేశాడు. అతను ఓనరు బావమరిది. మూడు నెలల కోర్సు చదివి వచ్చినవాడు.

"ఇదే అత్తా. పిడి అదే, ట్యాంకు అదే."

"మొహం పోలిక నాయనా. అన్నదమ్ములకి ఉండదా? లోపల చూడు. దీనికి రెండు గేర్లున్నాయి. నీ ఫోనులో దానికి అసలు గేర్లే లేవు."

"ఉంటే ఏమవుతుంది?"

"ఒకటి ఇటు తిరిగితే రెండోది అటు తిరుగుతుంది. గొలుసు ముందుకు పోవాలంటే ఇంజను వెనక్కి తిరగాలి. స్టార్టు చేసే తాడూ, దాన్ని వెనక్కి లాక్కునే స్ప్రింగూ ఎడమకి చుట్టాలి."

"ఆకురాయి పట్టే చేతికి ఇంజను గొడవెందుకత్తా? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

కుడివైపుకే చుట్టాడు. ఇంజను అందుకోక మూడు రోజులు తాడు లాగాడు. నాలుగో రోజు భుజం వాచి, మందు రాసుకుని ఇంట్లో పడుకున్నాడు. ఆ రోజే ఓనరు ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. పాత రంపాలు పోగేసే పెద్దాయన ఒకరు ఉన్నారనీ, వచ్చే గురువారం చూడటానికి వస్తున్నారనీ చెప్పాడు.

"నువ్వు గనక దీన్ని పలికిస్తే, బిళ్ల మీద నీ పేరే కొడతానత్తా."

బిళ్ల ఈ షాపు ఆచారం, ఓనరు వాళ్ల నాన్న పెట్టింది. బాగుచేసిన ప్రతి మిషన్ పిడికీ తీగతో ఒక చిన్న రేకు బిళ్ల కడతారు. దాని మీద అక్షరం అక్షరం సుత్తితో కొట్టి మెకానిక్ పేరు ఉంటుంది. అడవి మధ్యలో మిషన్ మొండికేస్తే కోతగాడు ఆ పేరు చదివి, తిట్టుకోవాలో దండం పెట్టుకోవాలో తేల్చుకుంటాడు. ఇక్కడే మెకానిక్‌గా చేసిన ఆమె భర్త పేరున్న బిళ్లలు ఇప్పటికీ ఏడాదికి ఒకటో రెండో తిరిగి వస్తుంటాయి. అతను పోయి పదహారేళ్లు. చివరి మూడేళ్లూ చేతులు వణికి, అతని పనంతా ఆమే చేసింది. బిళ్లల మీద పేరు మాత్రం అతనిదే. అప్పుడు కోపం రాలేదు. మొగుడే కదా అనుకుంది. కోపం అప్పుడే రావాల్సిందని ఈ మధ్య అనిపిస్తోంది.

ఈ రోజే గురువారం. పొద్దున అన్నం గిన్నె సర్దుకుంటుంటే కూతురు పసిపిల్లను భుజాన వేసుకుని గుమ్మం దాకా వచ్చింది.

"బిళ్ల కట్టగానే ఫోటో తీసి పంపమ్మా. నా కూతురికి చూపించాలి."

"దానికి ఇంకా నా మొహమే తెలీదు, పేరు చదువుతుందా?"

"నేను చదివి వినిపిస్తాలే."

మూత బిగించి ఆమె రంపాన్ని బల్ల మీద నిలబెట్టింది. నాలుగు రోజులు కిరసనాయిల్లో నానిన ఒళ్లు. కత్తి పెడితే గీతలు పడతాయని చెక్కముక్కతో గీకిన రంగు. అడుగున మూడో పొర కింద బయటపడ్డ నంబరు. ట్యాంకు మూతకు వాషరు పాత ట్యూబులోంచి తనే కత్తిరించింది. పిడి పక్కనే గొలుసుకు నూనె పంపే గుండీ ఉంది. కొత్త మిషన్లు నూనె వాటంతట అవే తాగుతాయి. దీనికి మాత్రం ప్రతి కోతకూ బొటనవేలితో నొక్కి పట్టాలి, చంటిబిడ్డకు పాలు పట్టినట్టు. ఎవరో ఏళ్ల తరబడి నొక్కి నొక్కి ఆ ఇనుము గుంటపడింది. ఆమె అందులో తన వేలు పెట్టి చూసుకుంది. సరిగ్గా కూర్చుంది.

కాలితో తొక్కిపట్టి తాడు లాగింది. ఏమీ లేదు. రెండోసారి దగ్గింది. మూడోసారికి నీలం పొగ కక్కుతూ అందుకుంది. కొత్త మిషన్లలా కీచుమనలేదు, పెద్ద వయసు మనిషి గొంతు సవరించుకున్నట్టు నింపాదిగా పలికింది. రేకులు అదిరాయి. ముందు గదిలోంచి ఓనరు పరుగెత్తుకొచ్చాడు. వెనకాలే మెకానిక్, ఒక భుజం వంచుకుని.

"అత్తా, సాధించావే! నువ్వు మామూలుదానివి కాదు!"

మెకానిక్ తాడు వైపు చూశాడు, మూత వైపు చూశాడు.

"ఎడమకే చుట్టా నాయనా," అంది ఆమె ఇంజను ఆపుతూ. ఆ ఒక్క మాట అనే హక్కు ఆమెకు ఉంది.

మధ్యాహ్నం మూడింటికి పెద్దాయన వచ్చారు. తెల్ల జుట్టు, మెడలో వేలాడే భూతద్దం. ఆమె చేతులు కడుక్కుని, చీర కొంగు సర్దుకుని లేచేలోపే ఓనరు షెడ్డులోకి తొంగిచూశాడు.

"అత్తా, మూడు టీలు పెట్టవా?"

స్టవ్వు ముందు గదికి వెళ్లే దారిలో ఉంది. రంపాన్ని అప్పటికే కౌంటరు మీద గుడ్డ పరిచి పెట్టారు. పిడికి బిళ్ల వేలాడుతోంది. ఆమె వంగి చదివింది. కోర్సు చదివినవాడి పేరు. అక్షరాలు కాస్త వంకరగా, హడావిడిగా కొట్టారు. చివరి అక్షరం రేకు చిల్లిపడేలా.

ఓనరు పక్కనే ఉన్నాడు. ఆమె గొంతు తగ్గించే అడిగింది.

"బాబూ, మాటిచ్చారు కదా?"

"అబ్బా, ఇప్పుడా అత్తా? ఆయన లక్ష మిషన్లు చూసిన మనిషి. గొలుసులు సానపట్టే ఆవిడ చేసిందని రాస్తే ఏమనుకుంటాడు? ఇంకోదాని మీద కొడదాంలే. పేరేమైనా కూడు పెడుతుందా?"

కూడు పెట్టనిదైతే మరి మీ బావమరిదికెందుకు బాబూ? ఆ ప్రశ్న స్టవ్వు వెలిగించాక తట్టింది. పాలు పొంగుతుంటే మంట తగ్గించింది. సొమ్మొకడిది, సోకొకడిది. పందొమ్మిదేళ్లుగా ఇంతే. ఆడదాని వేళ్లు నల్లబడితే మసి అంటారు, మగాడి వేళ్లు నల్లబడితే పనితనం అంటారు. వేళ్ల వంక చూసుకుంది. గోళ్ల కింద ఆ రంపం తాలూకు మూడు రంగులూ ఇంకా ఉన్నాయి.

పళ్లెం తీసుకుని వెళ్లేసరికి పెద్దాయన భూతద్దంతో గేర్లు చూస్తున్నారు.

"రెండు గేర్ల రకం! దీన్ని పోల్చినవాడు నాకింతవరకూ తగల్లేదు. నేను కొన్న మూడింటికీ తాడు తప్పుగానే చుట్టారు. ఎడమకి చుట్టాలని ఎలా తెలిసింది బాబూ నీకు?"

మెకానిక్ ఓనరు వైపు చూశాడు. మెడ వెనక గోక్కున్నాడు.

"అనుభవం సార్."

"ఆ అనుభవం వయసెంత నాయనా?" అంది ఆమె, అతని ముందు టీ పెడుతూ. "నిన్నటికి భుజం వాపు కూడా తగ్గలేదు."

ఓనరు పెద్దగా నవ్వాడు. మెకానిక్ కూడా నవ్వాడు. పెద్దాయనా నవ్వేశారు.

"మీ అత్తగారు భలే సరదా మనిషండీ!"

"ఇంటి మనిషే సార్. ఎప్పుడూ అంతే," అన్నాడు ఓనరు.

తిట్టినా బాగుండేది. నోరు మూసుకో అన్నా బాగుండేది, మళ్లీ తెరిచి ఉండేది. నవ్వితే ఇంక ఏమనాలి? ఉన్న నిజాన్ని ఉన్నట్టు చెబితే హాస్యం కింద జమకట్టి టీతో పాటు తాగేశారు. ఆమె ఖాళీ పళ్లెం పట్టుకుని ఒక్క నిమిషం నిలబడింది. ఎవరూ తలెత్తలేదు. పెద్దాయన అప్పటికే గుండీ మీద గుంటను వేలితో తడుముతూ, "ఎంత వాడారో చూడండి" అంటున్నారు.

రంపం బండెక్కి వెళ్లిపోయింది. బిళ్ల తీగ చివర ఊగుతూ వెళ్లింది.

నాలుగున్నరకి ఓ కోతగాడు గొలుసు ఇచ్చి, పొద్దున్నే కావాలని చెప్పి పోయాడు. ఆమె దాన్ని బల్లకున్న వైసులో బిగించి ఆకురాయి అందుకుంది. గొలుసుకు ముప్పై ఆరు పళ్లు. ఒకటి ఎడమకు, ఒకటి కుడికి. ముందు ఎడమ పళ్లన్నీ ఒక వరసలో రాయాలి, తర్వాత బల్లకు అటువైపు వెళ్లి కుడివి రాయాలి. ఒక వైపే పదునుంటే రంపం తిన్నగా దిగదు, ఎటో పక్కకు లాక్కుపోతుంది. పంటికి మూడు రాతలు, లోపల్నుంచి బయటికి. పద్దెనిమిదో పన్ను అయ్యాక అలవాటు కొద్దీ బల్ల చుట్టూ తిరగబోయింది. తిరగలేదు.

ఆకురాయిని పక్కన పెట్టింది. సబ్బుపొడితో చేతులు రెండుసార్లు తోముకుంది. అన్నం గిన్నె సంచిలో వేసుకుంది. కౌంటరు దగ్గర ఓనరు ఫోనులో మాట్లాడుతున్నాడు.

"నేనింక రాను బాబూ."

అతను ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి, తలూపాడు. "సరే అత్తా, వెళ్లిరా. రేపు కాస్త ముందే రా, మిషన్లు చాలా ఉన్నాయి."

మళ్లీ చెప్పలేదు. పందొమ్మిదేళ్లలో ఏ మాటైనా రెండుసార్లు చెప్పినా వినిపించింది లేదు. వీధిలోకి వచ్చింది. రేపటి సంగతేంటి, నెలాఖరుకు ఏంటి అనుకుంది. అయినా నడక ఆగలేదు. మలుపు దగ్గర ఫోను మోగింది.

"ఫోటో ఏదమ్మా?"

"లేదు. వస్తున్నా. పాపకి స్నానం చేయించకు, నేనొచ్చి పోస్తా."

"ఏమైందమ్మా? ఇంత తొందరగానా?"

"ఇంక రోజూ తొందరే."

షెడ్డులో లైటు ఎవరూ తీయలేదు. కిటికీ లేని మూల బల్ల మీద, వైసు దవడల మధ్య గొలుసు అలాగే బిగిసి ఉంది. పద్దెనిమిది పళ్లు కొత్త వెండిలా మెరుస్తున్నాయి, వాటి మధ్య మధ్య పద్దెనిమిది మొద్దుగా, నల్లగా.