చెమటలో వద్దన్న సంతకం

లాండ్రీలో అందరికీ ఆమె వదినే. యజమానికి మాత్రం నిజంగానే వదిన. తల్లి లేని ఆ మరిదిని చంకనెత్తుకుని పెంచింది. ఇప్పుడు ఇస్త్రీ గది వాళ్ళ తరఫున అతనితో మాట్లాడాల్సిందీ ఆమే. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ గదిలో ఆవిరికి మనుషులు సొమ్మసిల్లి పడిపోతున్నారు. ఆ కాసేపూ గది మూసెయ్యాలన్నది వాళ్ళ కోరిక.

"వదినామరుదులు! లోపల్లోపల ఎప్పుడో కుదుర్చుకునుంటారు," అంది ఆ గదిలోనే ఇస్త్రీ చేసే కందిరీగ. ఆ పేరు ఊరికే రాలేదు, ఆవిడ నోరు అలాంటిది.

ఆ మాట వదినకు ముల్లులా గుచ్చుకుంది. వీళ్ళ నమ్మకం పోయాక ఏ మొహంతో ఇక్కడ నిలబడాలి? అందుకే మరిది తన ఏసీ గదిలోకి పిలిచినా వెళ్ళలేదు. మాటలన్నీ ఇస్త్రీ గదిలో, అందరి ముందే అని కబురు పంపింది.

మరిది కోటు వేసుకుని మరీ వచ్చాడు, పాపం! ఇస్త్రీ పెట్టెల సెగకు కాసేపట్లోనే అతని మొహం కందగడ్డలా అయింది.

"సరే, మధ్యాహ్నం మూసేద్దాం. మీ కోరిక రాసిన ఆ కాగితం ఇటివ్వండి, సంతకం పెడతాను," అన్నాడు.

కందిరీగ చటుక్కున కలం అందించింది. వదిన దాన్ని మధ్యలోనే లాక్కుంది.

"ఆసుపత్రి దుప్పట్లు సాయంత్రానికి ఎలా పంపిస్తావు?"

"ఏమో వదినా, ముందు నన్ను బయటపడనీ!"

"అయితే సంతకం వద్దు. పద, నీళ్ళు తాగి, నిదానంగా ఆలోచించుకుని చెప్పు."

"నోటిదాకా వచ్చిన ముద్ద నేలపాలు చేసింది!" అని కందిరీగ నెత్తి కొట్టుకుంది. మిగతావాళ్ళు వదిన వైపు చూడనైనా చూడలేదు. ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

అందరూ పెరట్లోకి వచ్చారు. మరిది కోటు విప్పి, కుళాయి దగ్గర మొహం కడుక్కుని గట్టు మీద కూర్చున్నాడు.

"గది మూసేస్తే ఆసుపత్రి పని పోతుంది. అది పోతే మనందరం వీధినపడతాం. పొద్దున చల్లటిపూట ఇస్త్రీ చేద్దాం. మధ్యాహ్నం ఇక్కడ నీడలో మడతలు పెట్టుకోండి."

"మరి మా పిల్లల్ని బడికి మీరొచ్చి పంపుతారా?" కందిరీగ లేచింది.

"బడి పిల్లలున్నవాళ్ళు ఆలస్యంగా రండి, మడతల పని మీది. జీతం కొయ్యను."

వాదించుకుని, అలిగి, నవ్వుకుని, పొద్దు వాలేసరికి ఒక మాట మీదికొచ్చారు. మరిది సంతకం పెట్టి తలెత్తాడు.

"నిజం చెప్పనా వదినా? లోపల ఆ సెగలో పెట్టుంటే రేపే ఏదో వంకతో ఎగ్గొట్టేవాణ్ణి. ఈ మాట మాత్రం తప్పను."

కందిరీగ తన స్టూలు వదిన వైపు జరిపింది. "కూర్చో వదినా. వచ్చే ఏడాది కూడా నువ్వే మాట్లాడాలి," అంది. అంతటితో ఊరుకుంటే కందిరీగ ఎందుకవుతుంది? "అయినా ఆ సంగతేదో ముందే చెప్పి ఏడవొచ్చుగా, నా ప్రాణం తీశావు!"

అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు వదినకు అప్పుడొచ్చింది, నవ్వుతో కలిసి.