ప్రిన్సీ బొటనవేలు, నా నోరు

ఎస్తరమ్మ నోటికి తాళం లేదని మా ఆయన బతికున్నన్నాళ్లూ అనేవాడు. పోనీలే, మొగుడు కాక ఇంకెవరంటారు అనుకునేదాన్ని. ఆయన మాట నిజమేనని నా మనవరాలు ప్రిన్సీ బొటనవేలు తేల్చింది.

ప్రిన్సీకి రెండున్నరేళ్లు. నీళ్లు పోస్తుంటే కుడిచేతి బొటనవేలు పై కణుపు దగ్గర వంగిపోయి కనిపించింది. నిటారుగా చేయబోతే ఏడ్చింది. ముందురోజే నా కోడలు జూలియా బంగారుపేట స్టేషనులో పిల్లను చెయ్యి పట్టుకుని గబగబా రైలెక్కించింది. ఇంకేం, దొంగ దొరికిందనుకున్నాను.

శుక్రవారం ఆడవాళ్ల ప్రార్థన కూటంలో ఎవరి కష్టం వాళ్లు చెప్పుకుంటారు. నా వంతు రాగానే లేచాను.

"నా కోడలు బిడ్డ వేలు లాగి ఇరిచేసింది. ప్రార్థన చెయ్యండమ్మా."

పన్నెండు మంది ఆమెన్ అన్నారు. జూలియా అక్కడే కూర్చుని ఉంది.  ఆ రోజు నుంచి ప్రిన్సీ కుడిచెయ్యి మాత్రం పట్టుకోలేదు. రోడ్డు దాటాలంటే చంకనెత్తుకునేది. ఆదివారం యేసు గుడిలో నా పక్కన కూర్చోవడం మానేసి తలుపు దగ్గరి బల్లకు మారింది.

కోలారులో పిల్లల ఎముకల డాక్టరు మధుర దగ్గరికి ముగ్గురం వెళ్లాం. ఆమె ప్రిన్సీకి ఒక బొమ్మ ఇచ్చి, ఆడుతుండగా బొటనవేలి మొదట్లో నిమిరింది. నా వేలు తీసుకుని అక్కడే పెట్టింది. పెసరగింజంత గడ్డ తగిలింది.

"వేలు ముడిచే నరం ఒక సన్న గొట్టంలో పోతాదమ్మా. ఆ నరం మీద గడ్డ లేచింది. లంగా బొందుకు ముడి పడితే, బొందు దూర్చే మడతలో ఇరుక్కుంటాది చూడు, అట్ల."

"ఎక్స్‌రే వద్దా? ఎముక ఇరిగిందేమో, ఎవురో లాగినారు."

"ఇరగలేదు. లాగినందుకు వచ్చేది కాదిది. ఎవురి తప్పూ లేదు."

జూలియా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అన్నాళ్లూ పాపం అదీ నా మాటే నమ్మింది. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా క్షమించమనడానికి నోరు రాలేదు. పక్కవాళ్ల తప్పులకైతే ఎంత బాగా వచ్చేదో.

కొందరు పిల్లలకు అదే సర్దుకుంటుందని, కొన్ని నెలలు చూద్దామని డాక్టరు చెప్పింది. ఎనిమిది నెలలు చూశాం, సర్దుకోలేదు. ఈలోగా కూటంలో ఆడవాళ్లు జూలియా పిల్లనెత్తుకుంటే చాలు, "చూసి పట్టుకోమ్మా" అనేవాళ్లు. నేను విననట్టు పాటల పుస్తకం తిప్పేదాన్ని.

చివరికి మత్తిచ్చి, చిన్న కోత పెట్టి గొట్టం వదులు చేశారు. కాఫీ తాగినంత సేపు కూడా పట్టలేదు. కట్టు విప్పిన రోజు ప్రిన్సీ బొటనవేలు చాచి నా బుగ్గ మీద పొడిచింది. డాక్టరు చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకున్నాను. ఆమె సిగ్గుపడి, "చాలమ్మా, బయట ఇంగా పిల్లోళ్లు ఉండారు" అంది.

ఆ ఆదివారం గుడిలో, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పడానికి లేచాను. 

"ప్రిన్సీ వేలు బాగయింది, దేవునికి స్తోత్రం. ఆ డాక్టరమ్మ సల్లగుండాల. ఇంగొక మాట. నా కోడలు బిడ్డ వేలు ఇరిచిందని మీతో చెప్పినాను. అది అబద్ధం. డాక్టరు చెప్పినాంక కూడా ఎనిమిది నెలలు మీకు చెప్పకుండా దాచినాను. నన్ను క్షమించు జూలియా."

 తలుపు దగ్గరి బల్ల కిర్రుమంది. జూలియా వస్తోంది. ప్రిన్సీని ఎత్తుకోలేదు, నడిపించుకొస్తోంది. కుడిచెయ్యి పట్టుకుని.

నా పక్కన కూర్చుని, "ఇంగ కూసో అత్తా, కాళ్లు నొస్తాయి" అంది.