చివరి తొమ్మిది పంక్తులు

ఎర్ర పెన్సిలు మొన నాలుకకు తాకించి, పద్దెనిమిదో పేజీలో తారుమారైన తేదీ చుట్టూ చిన్న సున్నా చుట్టి, ప్రూఫ్ రీడరు కాగితం తిప్పాడు. తొమ్మిదిన్నరకి కిటికీలోంచి పోస్టుకార్డంత ఎండ బల్ల మీదికి వస్తుంది. అది పడే చోట ఎడమచెయ్యి ముందే పెట్టుకుని ఉంచుతాడు. పావుగంట వెచ్చగా ఉండి, ఎండ గోడెక్కిపోతుంది. ముప్పై మూడేళ్ల ఉద్యోగంలో అడక్కుండా దొరికిన సుఖం అదొక్కటేనని అతను నవ్వుతూ చెబుతాడు.

ప్రెస్సులో అతన్ని అందరూ భూతద్దం గారంటారు. పొట్టి మనిషి. మెడ ఎప్పుడూ కాస్త కుడివైపుకి ఒరిగి, పక్కింటి మాటలు వింటున్నట్టు ఉంటుంది. చూపుడువేలి పక్కన పెన్సిలు ఆనిన చోట కందిగింజంత కాయ కాసింది. కుర్చీలో భార్య పాత దుప్పటితో కుట్టిన దిండు. ఈ మధ్య మెట్లెక్కితే గుండెలో ఎవరో గుడ్డ పిండినట్టుంటోంది. అందుకని మలుపు మలుపుకీ ఆగి, గోడకున్న అగ్నిప్రమాదాల నోటీసు చదువుతున్నట్టు నటిస్తాడు. ఆ నోటీసు అతనికి కంఠతా వచ్చేసింది. అందులో రెండు తప్పులున్నాయి.

ఇవాళ సాయంత్రం అయిదింటికి పత్రిక అచ్చుకి వెళ్తుంది. అందులో, ముప్పై మూడేళ్లలో మొదటిసారి, అతను రాసింది ఒకటి ఉంది.

పోయిన నెల పెద్ద విమర్శకుడి వ్యాసం ఒకటి వచ్చింది. ఏడాది కిందట చనిపోయిన ఒక నర్సు రాసిన కథ మీద. ఆవిడ రాసినవి నాలుగే కథలు. ఆఖరి కథ మాత్రం పిల్లల పాఠ్యపుస్తకంలోకి కూడా ఎక్కింది. అందులో ఇల్లు విడిచిపోయిన మొగుడు ఆరేళ్లకి తిరిగొచ్చి తలుపు తడతాడు. లోపల భార్య కూతురి గౌను కుడుతూ ఉంటుంది. 'ఆమె లేచింది' అన్న మాటతో కథ అయిపోతుంది. ఆ ఒక్క మాటలో ఆడదాని క్షమ అంతా ఉందనీ, తలుపు తీసిందని చెప్పకుండా చెప్పడమే రచయిత్రి గొప్పతనమనీ విమర్శకుడు ఆరు పేజీలు రాశాడు. ఆ ఆరు పేజీల ప్రూఫూ భూతద్దం గారే దిద్దాడు. దిద్దుతుంటే పెన్సిలు రెండుసార్లు విరిగింది.

కథ అక్కడ అయిపోలేదని తెలిసినవాడు లోకంలో ఇప్పుడతనొక్కడే.

ఆ కథ మొదట అచ్చయింది ఈ పత్రికలోనే. అప్పట్లో సీసపు అక్షరాల ప్రెస్సు. కథ ఆఖరి పేజీ కట్టాక సబ్బు ప్రకటన ఒకటి వచ్చి పడింది. తొమ్మిది పంక్తులు తగ్గించాలి. పద్ధతి ప్రకారమైతే ఇక్కడో మాట అక్కడో మాట తీసి పేరాలు కుదించాలి. గంటన్నర పని. తొందరున్నవాళ్లు కొస కోసేస్తారు. అతనికి పెళ్లయి పంతొమ్మిది రోజులు. కింద గేటు దగ్గర కొత్త చెప్పులేసుకుని కొత్త పెళ్లాం నిలబడి ఉంది, సినిమాకి. అతను కిటికీలోంచి ఒకసారి ఆ చెప్పులు చూశాడు. చూసి, కొసన తొమ్మిది పంక్తుల మీద అడ్డంగా గీత పెట్టి, మెట్లు రెండేసి చొప్పున దిగిపోయాడు.

ఆ సాయంత్రం గురించి ఆవిడ ఇప్పటికీ చెబుతుంది. ఇవాళ పొద్దున కూడా క్యారేజీ మూత బిగిస్తూ అదే మాట.

"మీ జన్మలో మీరు టైముకి బయటికొచ్చింది ఆ రోజొక్కటే. నా చెప్పులు చూసి గేటు మనిషి కూడా నవ్వాడు."

"గేటు మనిషి నవ్వింది నన్ను చూసి. చొక్కా తిరగేసి తొడుక్కున్నాను."

"అదీ నిజమేలెండి," అని ఆవిడ కడుపుబ్బా నవ్వింది. అతనూ నవ్వాడు. ఆ నవ్వు మీద గీత పెట్టడానికి చెయ్యి రాకే ఇన్నేళ్లూ ఆవిడకి ఈ సంగతి చెప్పలేదు.

కథ అచ్చయిన వారానికి ఆ నర్సు ప్రెస్సుకి వచ్చింది. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, చేతులకి మందుల వాసన. అతని బల్ల ముందు నిలబడి, చివరి మాటలు బాగాలేవా అండీ అని మెల్లిగా అడిగింది. ఎడిటర్ గారు తీసేశారమ్మా అన్నాడు అతను. కొత్త కాపురం, కొత్త ఉద్యోగం, నోటికి ముందొచ్చిన అబద్ధం అదీ. పెద్దవాళ్లు తీసేస్తే ఏదో కారణం ఉండే ఉంటుందిలెండి అని ఆవిడ వెళ్లిపోయింది. మళ్లీ ఏమీ రాయలేదు.

పేజీలు కట్టకముందు తీసే పొడుగాటి గాలీ ప్రూఫు నుంచి, ఆవిడ వచ్చివెళ్లిన రోజే చించి దాచుకున్న ముక్క, అతని కళ్లజోడు డబ్బాలో అడుగున, నాలుగు మడతల్లో ఉంటుంది. ఇప్పుడు దాన్ని విప్పి, తన వ్యాసంలో దించిన పంక్తులతో మరోసారి సరిచూసుకున్నాడు.

'తలుపు దాకా వెళ్లి, మునివేళ్ల మీద నిలబడి, పై గడియ కూడా వేసింది. దీపం దగ్గరికి జరుపుకుంది. సూది ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది. తెల్లారితే పిల్ల ఆ గౌను వేసుకుని బడికి వెళ్లాలి. తలుపు కాసేపు మోగింది. ఆమె మెడపట్టీ కుట్టి, గుండీలు కుట్టి, దారం పంటితో తెంపింది. అప్పటికి చప్పుడు లేదు.'

పదకొండు రోజులు, పాత ప్రూఫుల వెనక వైపున, కొట్టేసి కొట్టేసి రాశాడు. ఇతరుల వాక్యాలు దిద్దడం వేరు, సొంత వాక్యం చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించడం వేరని తెలిసొచ్చింది. మొదటి మూడు పేజీల్లోనూ విమర్శకుడితో మర్యాదగా వాదన. కథలో పై గడియ ఎత్తు గురించి రెండుసార్లు ఎందుకు చెప్పారు? కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఆమెకి అందేది కాదని ఒకసారి, కొన్నాళ్లకి అందడం మొదలైందని ఒకసారి. తలుపు తీసే మనిషికైతే ఆ గడియతో పనేమిటి? నాలుగో పేజీలో వాదన ఆపేసి, ఆ పంక్తులు తీసింది నేనే అని ఒప్పుకున్నాడు. 'నా సొంత తొందర వల్ల' అని మాత్రం రాశాడు. చెప్పుల సంగతి రాయలేదు. కింద తొమ్మిది పంక్తులూ దించాడు.

అతనికంటే పాతికేళ్లు చిన్నవాడైన ఎడిటరు మొదటి పేజీ చూసి, చర్చ ఉంటే పత్రిక నాలుగు కాళ్ల మీద నడుస్తుంది, వేసేద్దాం అన్నాడు. మిగతా పేజీలు చూడలేదు. భూతద్దం గారు రాసినదాంట్లో చూడ్డానికేముంటుంది?

తన ప్రూఫు తను దిద్దుకోకూడదని ప్రెస్సులో కట్టుబాటు. రాసినవాడి కంటికి ఉన్నది కాక అనుకున్నదే కనబడుతుంది. అందుకని మధ్యాహ్నం క్యారేజీ కడిగి పెట్టాక, కంప్యూటరు మీద పేజీలు కట్టే అమ్మాయిని పిలిచి, పైకి చదవమన్నాడు. ఆ పిల్ల పెళ్లయిన ఈ రెండు నెలలుగా రోజుకోసారైనా ఫోను చూసి తనలో తను నవ్వుకుంటుంది. అది చూడ్డం అతనికిష్టం.

"చదువుతా గానీ బాబాయ్, ఇవాళ నేను అయిదున్నరకల్లా పోవాలి. ఆయన బస్టాండులో ఉంటారు."

"పోదువుగానిలే. ఒక్క మాట గుర్తుపెట్టుకో. చోటు చాలకపోతే తలకాయ కొయ్యి, నడుం కొయ్యి. కొస మాత్రం కొయ్యకు."

"మీ వ్యాసమా, చేపా బాబాయ్?"

అతను కళ్లనీళ్లొచ్చేలా నవ్వి, ఆయాసపడి, మంచినీళ్లు తాగి, కళ్లు మూసుకుని వెనక్కి వాలాడు. అమ్మాయి చదవసాగింది. తన మాటలు ఇంకొకరి గొంతులో వినడం అతనికదే మొదలు. బాగానే ఉన్నాయనిపించింది. గడియ అందడం మొదలైందన్న వాక్యం దగ్గర ఆ పిల్ల గొంతు కాస్త తగ్గింది. అతని పెదవుల చివర్లు కదిలాయి. మూడో పేజీ అయ్యేసరికి ఎడిటరు పిలిచాడు. ముఖచిత్రం రంగులు చూడాలిట. ఒక్క నిమిషం బాబాయ్ అని అమ్మాయి వెళ్లింది.

ఇరవై నిమిషాలకి తిరిగొచ్చింది. ఎండ ఎప్పుడో గోడెక్కి వెళ్లిపోయింది. అతని ఎడమచెయ్యి మాత్రం, అది పడే చోట చాపి ఉంది. నాలుగో పేజీ చదవనా అని అడిగింది. మళ్లీ అడిగింది. తర్వాత ఆ చెయ్యి ముట్టుకుంది.

నాలుగింటికి ఇంటివాళ్లొచ్చి అతన్ని తీసుకెళ్లారు. పత్రిక మాత్రం అయిదింటికి వెళ్లాల్సిందే. ఎడిటరు కళ్లు తుడుచుకుంటూ అమ్మాయి వెనక నిలబడి, ఆయన వ్యాసం కిందే, అదే పేజీలో, నల్లగీతల మధ్య సంతాపం వేద్దామన్నాడు. ఆయనకి అంతకంటే గౌరవం ఏముంటుంది? అక్షరాలు చిన్నవి చేసి చూశారు. పేరాల మధ్య ఎడం తగ్గించారు. అయినా పదిహేను పంక్తులు మిగిలిపోయాయి.

"కొస కొయ్యొద్దన్నారు సార్ ఆయన," అంది అమ్మాయి.

ఎడిటరు వంగి నాలుగో పేజీ అడుగు భాగం చూశాడు. తలుపు, దీపం, సూది. "ఇది ఆ కథలోదేగా. చిన్నప్పుడు బడిలో అందరం చదువుకున్నదే. వాదన పైనే అయిపోయింది. దీనికి ముందున్న నాలుగు ముక్కలతో సహా తీసెయ్."

అమ్మాయి చెయ్యి ఒక క్షణం ఆగింది. ఆ పేజీ ఆమె చదవలేదు. పేజీలు కట్టేవాళ్లకి అక్షరాలు ఇటుకల్లాంటివి, చదవాల్సినవాళ్లు వేరే ఉంటారు. బస్టాండులో ఆయన ఎదురుచూస్తున్నాడు. తీసేసింది.

పత్రికలో సంతాపం చక్కగా కుదిరింది. 'ముప్పై మూడేళ్లలో ఒక్క తప్పు కూడా పోనివ్వని మనిషి' అని వేశారు. మరుసటి నెల విమర్శకుడు ఎంతో మన్ననగా జవాబు రాశాడు. గడియ గురించి ఆ పెద్దాయన ఊహ మనసుని తాకుతుందనీ, అయితే ఊహకి ఆధారం ఉండాలనీ, ఈ కథలో అది లేదనీ.

ఆ జవాబు అతని భార్య చూడలేదు. ఆవిడ దగ్గరున్నది ముందు నెల పత్రికే. అమ్మాయి దాంతోపాటు దిండు, పెన్సిళ్లు, కళ్లజోడు డబ్బా సంచిలో వేసి తెచ్చిచ్చింది. ఆవిడ అచ్చులో ఉన్న మొగుడి పేరు మీద వేలు పెట్టి, ఇంత బాగా రాస్తారని నాకెప్పుడూ చెప్పలేదమ్మా అంది. కాఫీ ఇచ్చి, ఉండబట్టలేక, కొత్త చెప్పుల సాయంత్రం మొత్తం చెప్పుకొచ్చింది. ఇద్దరూ నవ్వారు, కాసేపు ఏడ్చారు.

డబ్బా తెరిచి చూసే ధైర్యం ఆవిడకి ఇంకా రాలేదు. అది బీరువా మీద, గోడ గడియారం కింద ఉంది. మూత సరిగా పడదు. లోపల కళ్లజోడు, దాని కింద, నాలుగు మడతల్లో, ఎర్ర గీత అడ్డంగా పోయిన తొమ్మిది పంక్తుల కాగితం ముక్క.