గుంజకు కట్టిన పిల్ల

"దారి తప్పావనిపిస్తే తాడు వదిలేయ్. బోజ్ తీసుకొస్తుంది" అని జాదిరా బయలుదేరేటప్పుడే నాయనమ్మ చెప్పింది.

బోజ్ ఒంటెలన్నిటికంటే ముందు నడిచే ఆడ ఒంటె. దాని పిల్లను గుడారాల పక్కన గుంజకు కట్టి ఉంచుతారు. పిల్ల అక్కడుంటే తల్లి ఎంత దూరం పోయినా ఇంటికే తిరుగుతుంది.

ఎప్పుడూ అతిథులను తిప్పే తాతకు నడుం పట్టేసింది. అందుకే పదహారేళ్ల జాదిరా మొదటిసారి ఒంటరిగా, తాష్కెంట్ నుంచి వచ్చిన నలుగురు అతిథులను సూర్యాస్తమయం చూపించడానికి పెద్ద ఇసుక దిబ్బ మీదికి తీసుకొచ్చింది. తీరా చూస్తే సూర్యుడే లేడు. గాలి లేచి ఆకాశమంతా దుమ్ము పట్టింది.

"మనం వస్తున్నామని తెలిసి ముసుగుతన్ని పడుకున్నాడు" అన్నాడు అతిథుల్లో ఒకడైన సోబిర్.

"నీకు అన్నీ వేళాకోళమే! పద, ఆకలేస్తోంది" అంది బోజ్ మీద కూర్చున్న అతని భార్య మాలోహత్.

వెనక్కి తిరిగితే వచ్చిన అడుగుజాడలు లేవు. జాదిరా తాడు వదిలింది. వచ్చింది కుడివైపు నుంచే అనిపించి, బోజ్ అటే తిరుగుతుందనుకుంది. అది ఎడమకు తిరిగి, మెడ చాచి గట్టిగా అరిచింది.

పిల్ల గుంజ దగ్గర లేదేమో అనిపించింది జాదిరాకు. బయలుదేరే ముందు మాలోహత్ గుంజ దగ్గర వంగి ఉండడం గుర్తొచ్చింది. అప్పుడే అడగాలనుకుంది. పెద్దావిడ ఏమనుకుంటుందోనని నోరు మెదపలేదు.

ఇప్పుడు అడగక తప్పలేదు.

"ఆంటీ... మీరు పిల్ల తాడు ముట్టుకున్నారా?"

మాలోహత్ ముఖం పాలిపోయింది. "గుంజ దగ్గర ముడి కాస్త వదులు చేశానమ్మా. ఒకటే ఏడుపు. చూడలేకపోయాను."

"చూడలేకపోతే కళ్లు మూసుకోవాలి గానీ ముడులు విప్పుతారటే?" అన్నాడు సోబిర్. ఈసారి ఎవరూ నవ్వలేదు. అతను జాదిరా వైపు తిరిగాడు. "మనం వచ్చింది కుడివైపు నుంచే అమ్మాయ్. అటే పద."

జాదిరాకూ అలాగే అనిపిస్తోంది. వెలుగు తగ్గిపోతోంది. చలికాలం తోడేళ్లు ఇటే తిరిగాయి. తప్పు దారి పడితే ఈ నలుగురూ రాత్రంతా ఇసుకలోనే ఉండాలి. కానీ కట్టు విడిపించుకున్న పిల్ల ఎక్కడికి పోతుంది? అమ్మ వెనకాలే వస్తుంది. అంటే ఇంటికీ ఇక్కడికీ మధ్యలోనే ఉంటుంది. బోజ్ తిరిగింది అటే.

"ఎడమకే వెళ్దాం" అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

నడుస్తున్న కొద్దీ భయం పెరిగింది. తెలిసిన పొద ఒక్కటీ కనిపించలేదు. "ఇంకా ఎంత దూరం?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. జాదిరాకు తెలిస్తేగా!

అంతలో రెండు దిబ్బల మధ్య పల్లంలో సన్నని ఏడుపు వినిపించింది. బోజ్ పరుగులాంటి నడక అందుకుంది. "అయ్యో, పడిపోతానే!" అని మాలోహత్ మూపురాన్ని వాటేసుకుంది. పిల్ల తల్లి పొదుగులో మూతి పెట్టింది. బోజ్ అక్కడే పాతేసినట్టు నిలబడిపోయింది. ఇక దానికి ఇంటితో పనేముంది?

"అయిపోయింది. మన గైడు పాలిస్తూ కూర్చుంది" అన్నాడు సోబిర్ నీరసంగా.

జాదిరా పిల్ల మెడలో వేలాడుతున్న తాడు పట్టుకోవడానికి వంగింది. తాడు కొస ఇసుకలో పడి ఉంది. దాని వెనక, వేలితో గీసినట్టు ఒక గీత. పల్లంలోకి గాలి రాకపోవడంతో ఆ గీత ఇంకా చెరగలేదు. పిల్ల తాడును గుడారాల దగ్గర నుంచీ ఈడ్చుకొచ్చింది.

జాదిరా పిల్లను ముందు నడిపిస్తూ గీత వెంట వెళ్లింది. పిల్ల వెనక బోజ్, బోజ్ వెనక మిగతా ఒంటెలు. పల్లం దాటాక గీత మాయమైంది. అక్కడ ఆగిపోయి ఊపిరి పీల్చింది. ఉడుకుతున్న గొర్రె మాంసం వాసన, కట్టెల పొగ. ఆ వాసన వచ్చే వైపే నడిచింది.

గుడారాల ముందు నాయనమ్మ ఉత్త గుంజను పట్టుకుని నిలబడి ఉంది. జాదిరాను చూడగానే అక్కడే చతికిలబడింది. "ఎక్కడ చచ్చావే, నా బంగారు తల్లీ!"

పళ్లెం నిండా మాంసం వచ్చింది. అందరూ పొయ్యి చుట్టూ కూర్చున్నారు. మాలోహత్ మాత్రం తల దించుకుని దూరంగా నిలబడింది. జాదిరా వెళ్లి పిల్ల తాడు ఆవిడ చేతిలో పెట్టింది.

"ఇది ఏడిస్తేనే వాళ్లమ్మ ఇంటికొస్తుంది, ఆంటీ. మీరే కట్టండి. ముడి నేను చూపిస్తాను."

ఆవిడ కట్టింది. జాదిరా ముడిని రెండుసార్లు లాగి చూసింది.

"వదులుగా ఉంది. మళ్లీ కట్టండి" అంది.