ఆగకూడని బస్సు

అల్లుడు మంచివాడే. కాకపోతే ఏ మాటైనా రెండోసారి చెప్పాల్సి వస్తే ముక్కు ఎర్రబడుతుంది. ఆ శనివారం సాయంత్రం బస్సు తాళాలు మామగారి చేతిలో పెడుతున్నప్పుడు ఆ ముక్కు అప్పటికే ఎర్రగా ఉంది.

“మామయ్యా, ఇది సర్వీసు బస్సు కాదు, పార్టీ బస్సు. ఎక్కినవాళ్ళు చెరువు దాకా వెళ్ళి, కేకు కోసుకుని వెనక్కి వస్తారు. మధ్యలో ఎవరు చెయ్యెత్తినా, అడ్డంగా పడుకున్నా ఆపకూడదు. ఇంకోసారి ఆపారంటే వేరే డ్రైవర్ని పెట్టుకుంటాను. మీ అమ్మాయి ఏడ్చినా సరే.”

“ఆపను లే బాబూ,” అన్నాడు డ్రైవరు. ఆ మాట మనస్ఫూర్తిగా అన్నదే.

అల్లుడి కోపంలో తప్పు పట్టడానికేమీ లేదు. షామియానాలు, కుర్చీలు అద్దెకిచ్చుకునే మనిషి ఒక పాత బస్సు కొని, డ్రైవరు వెనకున్న ఒక్కటి తప్ప సీట్లన్నీ పీకించి, రెండు వైపులా సోఫాలు వేయించి, రంగురంగుల దీపాలు, మనిషి ఎత్తు స్పీకరు పెట్టించాడు. అంతకుముందు ఆ ఊళ్ళో పదిమంది కలిసి ఏదైనా వేడుక చేసుకోవాలంటే కూరగాయల లారీ ఎక్కాల్సిందే. అలాంటి ఊరికి ఇదొక వింత. మొన్న రంగుల కొట్టాయన కూతురి పుట్టినరోజుకి బస్సు బయల్దేరితే, తూము దగ్గర ఎవరో చెయ్యెత్తారు. డ్రైవరు ఆపాడు. ఆరుగురు క్యాబేజీ బస్తాలతో ఎక్కి సోఫాల్లో సర్దుకున్నారు. అందులో ఒకాయన టికెట్టు ఇమ్మని పుట్టినరోజు పిల్లకే చిల్లర చాపాడు. ఆ కథ వారం రోజులు మార్కెట్టంతా తిరిగింది.

డ్రైవరు తప్పు కూడా ఏమంత లేదు. ముప్పై ఒక్క ఏళ్ళు అదే రోడ్డు మీద, మార్కెట్టు నుంచి చెరువు దాకా, రోజుకు నాలుగుసార్లు సర్వీసు బస్సు నడిపాడాయన. రిటైరయ్యాక రెండు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. కూర్చోవడమంటే మాటవరసకే. భార్య బకెట్టు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతుంటే వెనకాలే వెళ్ళి, “ఎడమవైపు చూసుకో” అని చెప్పేవాడు. ఆవిడే విసిగిపోయి అల్లుడికి ఫోను చేసి, ఈయనకేదైనా స్టీరింగు చూడు నాయనా అని బతిమాలింది. ఇప్పుడిది కూడా పోతే మళ్ళీ ఆ బకెట్టు వెనకాల తిరగాల్సిందే.

ఆ రోజు బస్సు మాట్లాడుకున్నది యూనిఫాంలు కుట్టే దుకాణంలోని ఆడవాళ్ళు, పదకొండు మంది. వాళ్ళల్లో పెద్దావిడ పని మానేస్తోంది. ముప్పై ఏళ్ళుగా చేత్తో కాజాలు కుట్టీ కుట్టీ కళ్ళు అలిసిపోయాయి. అందరూ ఆమెను కాజాలక్క అంటారు. చొక్కాల నమూనాలు గీసే ముదురు రంగు కాగితంతో ఆమెకొక కిరీటం కత్తిరించి, చుట్టూ మిగిలిపోయిన గుండీలన్నీ కుట్టారు. దాన్ని నెత్తిన పెట్టుకుని, సిగ్గుపడుతూ బస్సెక్కింది. వెనక స్పీకరు హోరు భరించలేక వచ్చి, తలుపు పక్కన, డ్రైవరు వెనకున్న సీట్లో కూర్చుంది. సర్వీసు బస్సులోనూ ఆమె సీటు అదే.

ఐదింటికి బస్సు కదిలింది. వెనక నలుగురు డాన్సు మొదలుపెట్టారు, ఒకామె ఫోనులో వీడియో తీస్తోంది. ఇంకొకామె ఐదేళ్ళ కూతురు బెలూను పట్టుకుని నడిమధ్య కడ్డీ చుట్టూ గిరగిరా తిరుగుతోంది. కొలతలు తీసుకునే పిన్ని, దుకాణంలో అందరికంటే గొంతు పెద్దది ఆవిడదే, కొవ్వొత్తులు ఎన్ని పెట్టాలన్న విషయం మీద ఇద్దరితో తగువేసుకుంది.

డ్రైవరు మాత్రం ఒళ్ళంతా కళ్ళు చేసుకుని నడుపుతున్నాడు. గిడ్డంగి దగ్గర ఇద్దరు చెయ్యెత్తారు, ఆపలేదు. తూము దగ్గర ఎరువుల కొట్టు గుమాస్తా రోడ్డు మధ్యకే వచ్చేశాడు. హారన్ కొట్టి పక్కకు తప్పించాడు. “ఒరేయ్, నీకు కళ్ళు నెత్తికెక్కాయిరా!” అన్న కేక కిటికీలోంచి వినిపించింది. మనసు చివుక్కుమన్నా, కాలు తడబడలేదు. చెయ్యెత్తినవాళ్ళందరినీ దాటేశానని లోలోపల సంబరపడ్డాడు కూడా. ఇంతకీ ఆయన జాగ్రత్తపడింది ఎక్కేవాళ్ళ విషయంలోనే.

పావుగంట గడిచింది. పాట ఆగింది.

“రా అక్కా, కేకు ఇక్కడే కోసేద్దాం. క్రీము కారిపోతోంది,” అని పిలిచింది కొలతల పిన్ని. అక్క సీటు ఖాళీగా ఉంది. సోఫాల వెనక చూశారు, సంచులు పక్కకు జరిపి చూశారు. ఒకామె కంగారులో కేకు డబ్బా మూత కూడా ఎత్తి చూసింది. చివరికి పిన్ని ముందుకొచ్చింది.

“బాబాయ్, మా అక్క ఏది?”

“తోట మలుపు దగ్గర దిగిందిగా,” అన్నాడు డ్రైవరు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే.

ఆ మాట తన చెవిన పడ్డాక గానీ ఏం జరిగిందో ఆయనకే తెలియలేదు. ముప్పై ఏళ్ళుగా సాయంత్రంపూట తోట మలుపు రాగానే కాలు బ్రేకు మీదకు వెళ్ళేది, చెయ్యి తలుపు మీటను నొక్కేది. కండక్టరు ఈల వేసేవాడు కాదు, ఆమె లేచి చెప్పేదీ కాదు. ఆగడం ఆయన అలవాటు, దిగడం ఆమె అలవాటు. ఇవాళా అంతే జరిగింది.

“దిగిందా? ఎవరు దింపారు?”

“నేనే.”

బస్సులో అందరూ ఒక్కసారే అరిచారు. పిన్ని అప్పటికే అల్లుడికి ఫోను చేసేసింది.

డ్రైవరు వంతెన అవతల బండి తిప్పుకుని తోట మలుపుకి తీసుకొచ్చాడు. “మీరుండండి, నేను తీసుకొస్తాను,” అని, ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకుని దిగాడు. ఆమె ఇల్లు రోడ్డు పక్కనున్న కంచె వెనకాలే ఉంటుందని ఇన్నేళ్ళూ ఆయన ఊహ. కంచె దాటినా ఇల్లు రాలేదు. రెండు తోటల మధ్య చక్రాల గాడి పడిన మట్టిదారి అలా సాగిపోతూనే ఉంది. ఇరవై నిమిషాలు నడిచేసరికి చొక్కా తడిసిపోయింది. వాన రోజుల్లో ఆమె దిగడమే ఆలస్యం, చినుకులు లోపలికి కొడతాయని గబుక్కున తలుపు మూసేసిన సంగతి గుర్తొచ్చింది. ఆయనకు చాలా సిగ్గేసింది.

ఆమె గుమ్మం మెట్టు మీద కూర్చుని ఉంది. చెప్పులు విప్పేసింది. కిరీటం నెత్తినే ఉంది.

“ఇంత దూరం నడిచొచ్చారా డ్రైవర్ గారూ?”

“ఇంత దూరమని నాకు తెలీదమ్మా.”

“బస్సు ఆగింది, దిగిపోయాను. తాళం తీస్తుంటే నెత్తి మీద ఏదో చప్పుడు. తడుముకుంటే ఈ కిరీటం.” నవ్వబోయింది గానీ కళ్ళలో నీళ్ళొచ్చాయి. “నెల రోజుల్నుంచి పార్టీ పార్టీ అని గోల చేస్తున్నారు వీళ్ళు. పని మానేస్తున్నానని మాత్రం నాకు ఇదిగో, ఇక్కడ కూర్చున్నాకే తెలిసొచ్చింది. సోమవారం నేనెక్కాల్సిన బస్సంటూ లేదు.”

“నాకది తెలిసిరావడానికి రెండు నెలలు పట్టింది,” అన్నాడు డ్రైవరు.

ఆమె చెప్పులు వేసుకుని లేచింది. దారిలో సగం దూరం వచ్చాక అడిగింది. “మీ అల్లుడు ఊరుకుంటాడా?”

“ఊరుకోడు.”

“నేనే ఆపమన్నానని చెప్తాను. పొయ్యి ఆపడం మర్చిపోయానని చెప్తాను.”

“మీకెందుకమ్మా లేనిపోని అబద్ధం?”

“ముప్పై ఏళ్ళలో ఒక్కరోజు కూడా నన్ను మలుపు దాటించి దింపలేదు మీరు. మీ కోసం ఒక్క అబద్ధం ఆడలేనా?”

అన్నంత పనీ చేసింది. బస్సెక్కగానే, పిన్ని ఇంకా పట్టుకునే ఉన్న ఫోను లాక్కుని, మళ్ళీ అల్లుడికి కలిపి, పొయ్యి కథంతా తొణక్కుండా చెప్పింది. తర్వాత ఫోను డ్రైవరుకిచ్చింది.

“అదేదో ముందే చెప్పొచ్చుగా మామయ్యా,” అంటున్నాడు అల్లుడు, తేలికపడ్డ గొంతుతో. “పార్టీవాళ్ళే ఆపమంటే ఆపాల్సిందేగా. అందులో మీ తప్పేముంది?”

ఊ అంటే చాలు, ఉద్యోగం నిలబడుతుంది. డ్రైవరు నోరు తెరిచాడు. ఆ బెలూను పిల్ల అప్పుడే వచ్చి తలుపు ముందు మెట్టు మీద నిలబడి, బయటి తోటను చూస్తోంది. తలుపు తీసే మీట ఆయన చేతికి జానెడు దూరంలో ఉంది.

“లేదు బాబూ,” అన్నాడు. “ఆవిడ ఆపమనలేదు. నాకు తెలీకుండానే ఆపాను. తలుపూ తీశాను. ఇవాళ దిగింది పెద్దావిడ కాబట్టి ఇంటికెళ్ళింది. రేపు ఏ చంటిపిల్లో దిగితే నేనేం చెప్పను?”

“సరే మామయ్యా. ఈ ట్రిప్పు జాగ్రత్తగా ముగించండి. సోమవారం నుంచి ఇంకొకర్ని చూస్తాను,” అన్నాడు అల్లుడు. గొంతులో కోపం లేదు. కోప్పడితేనే బాగుండేదనిపించింది డ్రైవరుకి.

ఇక మీట మీద చెయ్యి వేసే ముందు ప్రతిసారీ, “తలుపు తీస్తున్నా” అని గట్టిగా అరిచి మరీ తీశాడు. చెరువు గట్టున కేకు కోశారు. క్రీము కారిపోయినా ఎవరూ వదల్లేదు. కాజాలక్క నాలుగు అడుగులు డాన్సు కూడా వేసింది, అందరూ చప్పట్లు కొట్టారు. వెలుతురు ఇంకా పూర్తిగా పోకముందే తిరుగు ప్రయాణం కట్టారు.

తోట మలుపు రాగానే డ్రైవరు బస్సు ఆపాడు. ఈసారి చెయ్యి దానంతటది మీట మీదకు పోలేదు. “తలుపు తీస్తున్నా” అని అరిచి, కొలతల పిన్నిని ఒక్కదాన్నే కిందికి దింపి సైగలు చెయ్యమని, బస్సును ఆ మట్టిదారిలోకి వెనక్కి తిప్పాడు. పళ్ళ లారీలు తిరిగే దారే, బస్సు పడుతుంది, లోపల తిప్పుకోవడానికే చోటుండదు. కొమ్మలు రెండు వైపులా అద్దాలను గీకుతుంటే, పిన్ని పెద్ద గొంతుతో “రానీ, రానీ” అని అరుస్తూ వెంట నడుస్తుంటే, ఆ దారి పొడుగునా అంగుళం అంగుళం చొప్పున వెనక్కి తీసుకెళ్ళి, సరిగ్గా ఆమె గుమ్మం ముందు ఆపాడు.

తలుపు తీశాడు. కాజాలక్క తన సీట్లోంచి కదల్లేదు. కిరీటం ఒళ్ళో పెట్టుకుని, దాని గుండీలు ఒక్కొక్కటే వేలితో తడుముతూ కూర్చుంది.

డ్రైవరు కాసేపు చూశాడు. ముప్పై ఏళ్ళలో ఆ మాట ఆమెతో అనాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

“అమ్మా, మీ స్టాపు వచ్చింది,” అన్నాడు.